ఒక ఏడాదికి మూడు కాగితాలు

నాకు మనుషుల మీద నమ్మకం తక్కువ. ఎవరైనా నవ్వుతూ పలకరిస్తే ఎందుకు నవ్వుతున్నారా అని ముందు ఆలోచిస్తాను, ఆ తరవాతే పలుకుతాను. మా ఇంట్లో వాళ్ళు దీన్ని జబ్బంటారు. జబ్బే అనుకుంటే అది నాకు పట్టింది వరంగల్లు కొత్తవాడలో, పద్దెనిమిదేళ్ళ వయసులో, డిగ్రీ కాలేజీ అప్లికేషన్ ఫారంలో ఒక గడి నింపాల్సి వచ్చినప్పుడు.

ఎనభైల మొదట్లో మాట. ఆ గడిలో ఇలా ఉంది: చదువు మధ్యలో ఆగినచో కారణము, తగిన ఆధారము. నేను ఇంటర్ మొదటి ఏడాది చదివి, మధ్యలో ఒక ఏడాది ఎక్కడా లేకుండా పోయి, మళ్ళీ వచ్చి రెండో ఏడాది చదివాను. మార్కులు బాగానే వచ్చాయి. హనుమకొండలో ఒక కాలేజీలో బీఎస్సీకి పెట్టుకున్నాను. మార్కుల వల్ల సీటు రావాలి, ఆ గడి వల్ల పోవాలి. నాకున్నది ఆ ఒక్క కాలేజీయే, ఎందుకంటే హాస్టల్లో పెట్టి చదివించే సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తను కూడా ఎత్తరు.

ఆ రోజుల్లో మా వైపు ఒక ఏడాది కనబడని పిల్లలంటే అర్థం ఒకటే, అడవిలో అన్నలతో కలిశారని. ఆడపిల్ల అయితే రెండో అర్థం కూడా ఉండేది. దాన్ని పైకి ఎవరూ అనరు, మాట్లాడుతూ మాట్లాడుతూ పొట్ట వైపు చూస్తారు. ఆ రెండు చూపులూ నా మీద పడ్డాయి. నిజానికి నేను అడవికీ పోలేదు, ఇంకెక్కడికీ పోలేదు. నాకు టీబీ వచ్చింది.

అది రావడం కంటే, వచ్చిందని తెలియడానికి పట్టిన కాలం పెద్దది. మా వాడలో జంపఖానాలు నేస్తారు. వెడల్పు ఎక్కువ కాబట్టి మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. అమ్మ కండెలు చుట్టేది, మా చెల్లె చిన్నది, అందుకని నాయన పక్కన నేను కూర్చునేదాన్ని. కాలేజీకి పోయే ముందు రెండు గంటలు, వచ్చాక రెండు గంటలు. ఇల్లంతా దూది నూగు ఎగురుతుంది. కొత్తవాడలో దగ్గని ఇల్లు లేదు. కొత్తల్లుడు వచ్చి రెండు రోజులుంటే మూడో రోజు ఆయనా దగ్గుతాడు. అందరూ ఒక బెల్లం ముక్క నోట్లో వేసుకుంటారు, గొంతులో నూగు దిగిపోతుందని. నేను మూడు నెలలు దగ్గాను. "నూగు పట్టింది తియ్" అని అమ్మ బెల్లం పెట్టింది. డబ్బాలో బెల్లం అయిపోతోందని నన్ను తిట్టింది కూడా. నమిలి ఉమ్మిన బెల్లం ఎర్రగా కనబడిన రోజున గానీ మా ఇంట్లో ఎవరికీ భయం వేయలేదు.

నాయన ఆ రోజు తలుపు గొళ్ళెం పెట్టి మరీ మాట్లాడాడు. "ఈ ముచ్చట గడప దాటొద్దు. దాటిందంటే మనం నేసిన జంపఖానా మీద ఒక్కడు గూడ కూసోడు. పెండ్లిళ్ళల్ల ఏసే సామాను మనది."

నన్ను వేరే జిల్లాలో ఉన్న చిన్నమ్మ ఊరికి పంపారు. అక్కడి నుంచి బస్సులో దవాఖానకు పోయి సూదులు వేయించుకునేదాన్ని. వాడలో మాత్రం మా అమ్మ, చిన్నమ్మకు కాన్పయింది, పిల్లను సాయానికి పంపినం అని చెప్పింది. పాపం చిన్నమ్మకు కాన్పులు ఆగి అప్పటికి ఐదేళ్ళు. అబద్ధం ఆడినా అతికినట్టుండాలంటారు. మా అమ్మ చెప్పింది ఏడాది పొడుగునా సాగిన కాన్పు.

నయమైందని డాక్టరు కార్డు మీద రాసిచ్చాక ఇంటికొచ్చాను. వచ్చిన మొదటి రోజే మగ్గం దగ్గరికి పోతే నాయన చెయ్యి అడ్డం పెట్టాడు. నా చోట్లో మా బాబాయి వరుస ఆయనను కూర్చోబెట్టుకున్నాడు. మంచం వాకిట్లోకి మార్చుకున్నాడు. మేము తిన్నాక తినేవాడు, లేదా మాకంటే ముందే తిని లేచిపోయేవాడు. నేను గదిలోకి వస్తే తువ్వాలు మూతికి అడ్డం పెట్టుకుని బయటికి పోయేవాడు.

"నాయినా, నాకు తగ్గింది. డాక్టరే రాసిచ్చిండు" అన్నాను ఒకసారి, కార్డు చూపిస్తూ.

"తగ్గలేదని ఎవరన్నరు బిడ్డా? నువ్వు జర దూరం కూసోని సదువుకో" అన్నాడు, అల్లంత దూరం నుంచి.

నాకు ఒళ్ళు మండింది. నా ఏడాది నేను దవాఖాన బెంచీల మీద పోగొట్టుకుని వస్తే, కన్న తండ్రి నన్ను చూసి మూతి మూసుకుంటున్నాడు. నాకు తిండి పెట్టి, చదువుకో అని చెప్పి, లోపల మాత్రం నన్ను చూసి భయపడుతున్నాడని తేల్చుకున్నాను. ఆ తీర్మానం చేసుకున్నాక ఆయన ఏం చేసినా నాకు దానికే సాక్ష్యంగా కనబడేది.

అప్లికేషన్ ఫారం గడి దగ్గర అమ్మ ఒక ఉపాయం చేసింది. మా వాడ చివర సూదులు వేసే ఆర్‌ఎంపీ డాక్టరు దగ్గరికి పోయి టైఫాయిడ్ అని సర్టిఫికెట్ రాయించుకొచ్చింది. ఏ జబ్బు కాగితం కావాలన్నా మా వాడలో అందరూ టైఫాయిడ్ అనే రాయించుకునేవాళ్ళు. దాన్ని జత చేసి ఫారం ఇచ్చాను. బుధవారం నాడు కాలేజీ కిటికీ దగ్గర క్లర్కు నన్ను పిలిచాడు.

"టైఫాయిడ్‌కు ఏడాదా అమ్మా? మా ఇంట్ల ముగ్గురికొచ్చింది, నెల తిరక్కముందే లేచి తిరుగుతాండ్రు. యాడికి పోయినవో నిజం చెప్పు."

"మా చిన్నమ్మ ఊరికి."

"టైఫాయిడ్‌తోనా?" అని వెనకాల వరుసలో ఉన్నవాళ్ళకు వినబడేలా నవ్వాడు. "పోలీసోళ్ళు వచ్చి లిస్టులు అడుగుతాండ్రు. నీకు సీటిచ్చి రేపు మేము జవాబు చెప్పాల్నా? సోమవారం ప్రిన్సిపాల్ మేడంతోని మాట్లాడు. సరైన కాయితం తెచ్చుకో, లేకుంటే ఫారం వాపస్."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేను ఆ మాటకే తల వంచుకున్నాను. చెయ్యని తప్పుకు తల వంచుకున్నందుకు ఇంటి దాకా నన్ను నేనే తిట్టుకుంటూ వచ్చాను.

ఆ సాయంత్రమే ఉన్నదున్నట్టు తెల్ల కాగితం మీద రాశాను. నాకు టీబీ వచ్చింది, ఫలానా నెల నుంచి ఫలానా నెల దాకా సూదులు వేయించుకున్నాను, నయమైంది, కార్డు జతపరిచాను. అమ్మకు చదవరాదు, వినిపించమంది. విని నెత్తి కొట్టుకుంది. "నీ చేతులార నువ్వే రాసిస్తవానే? ఆ కాయితం ఎవరెవరి చేతులల్ల తిరుగుతదో! మీ నాయినకు తెలిస్తే నన్ను బతకనియ్యడు." నాయన వాకిట్లో మంచం మీద ఉన్నాడు. విన్నాడో లేదో తెలియదు. ఏమీ అనలేదు. అనకపోవడమే నాకు అనుమానం.

మర్నాడు గురువారం. మగ్గం ఆపి, పెళ్ళిళ్ళకు వేసుకునే తెల్ల చొక్కా వేసుకున్నాడు నాయన.

"ఎటు పోతానవ్?" అంది అమ్మ.

"సొసైటీ కాడికి."

నూలు తెచ్చుకునే నేతగాళ్ళ సొసైటీకి పోవడానికి పెళ్ళి చొక్కా ఎందుకు? శుక్రవారం కూడా అదే చొక్కా, అదే సొసైటీ. శనివారం కూడా. శనివారం సాయంత్రం పక్కింటి పెద్దమ్మ గోడ మీంచి తొంగిచూసి, "మీ నాయిన హనుమకొండ బస్సుల కనబడ్డడేందే? పిల్ల కోసం సంబంధం గిట్ల చూస్తాండా?" అంది. సొసైటీ మా వాడలోనే ఉంది, దానికి బస్సెక్కాల్సిన పని లేదు. చొక్కా చిలక్కొయ్యకు తగిలించి ఆయన స్నానానికి పోగానే జేబులు వెతికాను. హనుమకొండ టౌన్ బస్సు టికెట్లు, ఉండ చుట్టినవి.

అంతకు వారం ముందు ఆయన అమ్మతో అన్న మాట నాకు తలుపు చాటు నుంచి వినబడింది. "మగ్గానికి ఇంకొక చెయ్యి కావాలె. ఇగ నాతోని అయితలేదు." నేను లెక్కలు కట్టేశాను. కాలేజీకి పోయి, మా పిల్లకు సీటు వద్దు అని చెప్పి వస్తున్నాడు. నా కాగితం గడప దాటుతుందని భయం, మగ్గానికి చెయ్యి కావాలని ఆశ, రెండూ ఒక్క దెబ్బకు తీరతాయి. ఆదివారమంతా ఆయనతో మాట్లాడలేదు. ఆయన కూడా నాతో మాట్లాడలేదు, కానీ నాలుగైదు సార్లు నా వైపు చూశాడు. దొంగ చూపులు అనుకున్నాను.

సోమవారం పొద్దున నేను కాగితం, కార్డు పుస్తకంలో పెట్టుకుని బయల్దేరుతుంటే, "నేను గూడ వస్తాన" అన్నాడు. బస్సులో నా పక్కన చోటున్నా పోయి ఆఖరి సీట్లో కూర్చున్నాడు. కాలేజీ దగ్గర దిగాక లోపలికి రాలేదు. సైకిల్ స్టాండు దగ్గర ఆగిపోయి, "నువ్వు పో" అన్నాడు.

ప్రిన్సిపాల్ మేడం కోస్తా వైపు ఆవిడ. గదిలో ఆవిడ, నేను, మా మధ్య బల్ల. నేను నా కాగితం ఇచ్చాను. నిదానంగా చదివింది, కార్డు తిప్పి తిప్పి చూసింది. సొరుగు తెరిచి ఇంకో రెండు కాగితాలు తీసి దాని పక్కన పెట్టింది.

"అమ్మాయ్, నువ్వు ఒక ఏడాది మానేశావు. దానికి నా దగ్గర మూడు కాగితాలున్నాయి. ఒకదాంట్లో నీకు టైఫాయిడ్. ఒకదాంట్లో నీకు టీబీ. ఇదిగో, దీంట్లో నువ్వు రాయిలా ఉన్నావు, టీబీ మీ నాన్నకి. ఇప్పుడు నేనేమనుకోవాలి?"

మూడో కాగితం అందుకున్నాను. కోర్టు ముందు కూర్చుని అర్జీలు రాసేవాళ్ళ చేతిరాత. 'నేను క్షయ వ్యాధిగ్రస్తుడనై మంచమున పడియుండగా నా పెద్ద కుమార్తె తన చదువు మానుకొని మగ్గము నేసి మా కుటుంబమును పోషించినది. కావున తమరు దయయుంచి ఆమె తప్పు లేదని గ్రహించి సీటు దయచేయవలెను.' కింద నాయన సంతకం, జంపఖానా అంచు మీద ఊరి పేరు నేసినట్టు ఒక్కో అక్షరం విడివిడిగా. ఇంకో వాక్యం కూడా ఉంది, ఈ సంగతి వాడలో తెలియనీయవద్దని.

మూడు రోజులుగా నేను ఏం అనుకున్నానో గుర్తొచ్చి సిగ్గేసింది. ఆ సిగ్గు వెనకే కోపం. ఎంత తెలివితక్కువ మనిషి! నా జబ్బు దాచడానికి తన మీద వేసుకున్నాడు. నేసేవాడికే టీబీ అని తెలిస్తే ఇంకేముంది?

"మేడం, ఇది నిజం కాదు. మా నాయిన నా కోసం అబద్ధం రాయించిండు. నాది నిజం."

"నేనూ అలాగే అనుకున్నాను. గురువారం ఈ అర్జీ పట్టుకొచ్చాడు. ఆసుపత్రి కాగితం లేకుండా చెల్లదని పంపించేశాను, మళ్ళీ రాడనుకున్నాను. శనివారం తెచ్చాడు." అర్జీ కింద గుండుసూదితో గుచ్చిన చీటీ చూపించింది. "ఎక్కడో కొనుక్కొచ్చాడేమో అని నాకు అనుమానం. అక్కడ డాక్టరమ్మ నాకు తెలుసు, ఫోన్ చేశాను. ఒక మనిషి వచ్చి టీబీ అని రాసివ్వమని బతిమాలాడట. చూడకుండా రాయను అందట ఆవిడ. శుక్రవారం ఎక్స్‌రే తీశారు." మేడం చీటీని నా వైపు తిప్పింది. "రాసిచ్చింది నిజమే. బాగా ముదిరిందట. సూదులు ఈ రోజే మొదలుపెట్టాలట. మీ ఇంట్లో తెలియదా?"

తెలియదని తల అడ్డంగా ఊపాను. చీటీ మీద ఆయన పేరు, వయసు, రెండు ఊపిరితిత్తుల బొమ్మలో గీతలు కనబడుతున్నాయి. వాకిట్లో మంచం ఎందుకు వేసుకున్నాడో, ముందే ఎందుకు తినేవాడో, నన్ను చూస్తే తువ్వాలు ఎందుకు అడ్డం పెట్టుకునేవాడో అన్నీ ఒక్కసారి అర్థమయ్యాయి. నాది తనకు అంటుతుందని కాదు. తనది మళ్ళీ నాకు అంటుతుందని. ఏడాదికి పైగా ఆయనకు అనుమానం ఉంది, దవాఖానకు మాత్రం పోలేదు. డాక్టరు రాసి ఇచ్చేదాకా పైకి అది నూగు దగ్గే. నాకు ఆయన వల్ల వచ్చిందా, ఆయనకు నా వల్ల వచ్చిందా అన్నది నాకు ఈ రోజుకీ తెలియదు. నేను ఏడ్చాను, ఆ గదిలోనే, ఆవిడ ముందే.

ఆవిడ ఏడవనిచ్చింది. తరవాత అడిగింది. "సీటిస్తాను. ఫైల్లో ఒకటే కాగితం ఉండాలి. ఏది పెట్టమంటావు?"

"నాది పెట్టండి. నాయినది నాకియ్యండి."

"ఆలోచించుకో. నీ పేరు మీద ఉండిపోతుంది. రేపు ఉద్యోగానికి వెళ్తే అడుగుతారు. పెళ్ళికి అడుగుతారు. మీ నాన్నది పెడితే నిన్ను మెచ్చుకుంటారు."

"ఆయన ఇంకా నేసి బతకాలె మేడం. నాకు తగ్గింది" అన్నాను. ఆవిడ గుండుసూది తీసి అర్జీ, చీటీ నా చేతిలో పెట్టింది. టైఫాయిడ్ కాగితం చింపి బుట్టలో వేసింది.

సైకిల్ స్టాండు దగ్గర నాయన అలాగే నిలబడి ఉన్నాడు. నన్ను చూసి తువ్వాలు పైకి లాక్కున్నాడు.

"ఇచ్చిండ్రా?"

"ఇచ్చిండ్రు." అర్జీ తీసి చూపించాను. ఆయన మొహం పాలిపోయింది.

"అబద్ధం రాయించుకుందామని పోయిన బిడ్డా. వాళ్ళు నిజం రాసిచ్చిండ్రు" అని నవ్వబోయాడు, దగ్గు వచ్చింది.

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే నువ్వు సదువు ఇడిశిపెట్టి మగ్గం మీద కూసుంటవ్. నీ సంగతి నాకు తెల్వదా? సూదులు పదకొండింటికి రాయించుకున్న. పదింటికి నువ్వు క్లాసులకు పోయినంక, నీకు కనబడకుండ పోయొద్దామని."

నన్ను మగ్గానికి కట్టేస్తాడని నేను, మగ్గానికి నేనే కట్టేసుకుంటానని ఆయన. నాకు ఆయన మీద వచ్చినంత కోపం ఆ తరవాత ఎవరి మీదా రాలేదు. అంత ప్రేమ కూడా రాలేదు.

"తొమ్మిదింటికి మార్పిద్దాం పా. నేను తోలుకపోయి, సూది ఏయించి, ఆన్నుంచి క్లాసుకు పోత" అన్నాను. వద్దంటున్నా వినకుండా దవాఖాన దాకా నడిపించాను.

సూదుల గది ముందు బల్ల వేసుకుని చీటీలు రాసే మనిషి నాయనను చూసి విసుక్కున్నాడు, "శనివారమే గద పదకొండన్నవ్" అని. నన్ను చూసి కుర్చీ వెనక్కి జరుపుకుని, "జర ఎడంగ నిలబడమ్మా, అంటుకుంటది" అన్నాడు.

"నాకెప్పుడో అంటింది. సూదులు గూడ అయిపోయినయ్. తొమ్మిదింటికి రాయిండ్రి" అన్నాను. కాస్త గట్టిగానే అన్నాను. పరాయి మనిషికి నా జబ్బు సంగతి నోటితో చెప్పడం అదే మొదటిసారి.

నాయన ఉలిక్కిపడి ఎవరైనా విన్నారేమోనని వెనక్కి తిరిగి చూశాడు. నేనూ చూశాను. గోడ వారన బెంచీ మీద ఆరుగురు కూర్చుని ఉన్నారు. అందరూ తువ్వాళ్ళు, కొంగులు కళ్ళ దాకా కప్పుకుని గోడ వైపు తిరిగి ఉన్నారు. అయినా వాళ్ళ వేళ్ళకు మగ్గం మీద పంజా కొట్టి కొట్టి కాసిన కాయలున్నాయి, భుజాల మీద నూగుంది. నలుగురు మా వాడ వాళ్ళు. ఒకాయన మా ఇంటి నుంచి మూడో ఇల్లు. మమ్మల్ని గుర్తుపట్టి ఇంకా ముడుచుకున్నాడు.

నాయన వాళ్ళను ఒక్కొక్కరినే పోల్చుకున్నాడు. తరవాత మొహం మీది తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాడు. పోయి ఆ మూడో ఇంటి ఆయన పక్కన కూర్చుని, "ఎన్నో సూది తమ్మీ నీది?" అని అడిగాడు.